పాత డీటీహెచ్ డిష్‌తో రేడియో టెలిస్కోపు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. నాకు అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉంది. మేడ మీద వాడకుండా పడి ఉన్న 60 సెంటీమీటర్ల డీటీహెచ్ డిష్, దాని ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండే సంకేతం పట్టే భాగం), పాత సెట్‌టాప్ బాక్సు, ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటరుకు తగిలించే చిన్న రేడియో రిసీవరు) నా దగ్గర ఉన్నాయి. పాలపుంతలోని హైడ్రోజన్ వెలువరించే 1420.4 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని పట్టుకోవాలని కోరిక. ఎల్‌ఎన్‌బీ కేబులును డాంగిల్‌కు కలిపి ఆ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. డాంగిల్ 1420 చూపిస్తుంది కానీ అది ఆకాశంలోని 1420 కాదు. ఎల్‌ఎన్‌బీ ఆకాశం నుంచి వచ్చిన ఫ్రీక్వెన్సీలోంచి తన లోపలి ఆసిలేటరు ఫ్రీక్వెన్సీని తీసేసి, మిగిలిన దాన్నే కేబులులోకి పంపుతుంది. ఆ ఆసిలేటరు 10,600 మెగాహెర్ట్జ్‌ది అయితే, మీరు వింటున్నది నిజానికి 12,020 మెగాహెర్ట్జ్ అన్నమాట. హైడ్రోజన్‌కు వేరే యాంటెన్నా కావాలి. అయితే మీ దగ్గరున్న సామానుతోనే సూర్యుణ్ణి చక్కగా పట్టుకోవచ్చు. నా సలహా ముందు ఆ పని చేయమనే.

ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు కావాలి. ఆ వోల్టేజీ సెట్‌టాప్ బాక్సు నుంచే కేబులు ద్వారా వస్తుంది, అదే వోల్టేజీ డాంగిల్‌లోకి వెళితే డాంగిల్ కాలిపోతుంది. కాబట్టి ఒక వైపు మాత్రమే డీసీ పోనిచ్చే స్ప్లిట్టరు తెచ్చి, ఆ వైపు బాక్సును, డీసీ ఆపే వైపు డాంగిల్‌ను కలపండి. కలిపే ముందు మల్టీమీటరుతో డాంగిల్ వైపు వోల్టేజీ సున్నా ఉందని చూసుకోండి; స్ప్లిట్టరు మీద ముద్రించిన గుర్తును మాత్రం నమ్మవద్దు. తరువాత సాఫ్ట్‌వేరులో ఆటోమేటిక్ గెయిన్ (సంకేతం బలాన్ని తనంతట తానే సర్దే ఏర్పాటు) ఆపేసి చేత్తో ఒక విలువ పెట్టండి, ఎందుకంటే అది పనిచేస్తున్నంతసేపూ సూర్యుడు పెంచిన నాయిస్ (రేడియో రొద) మట్టాన్ని తగ్గిస్తూనే ఉంటుంది. ఉపగ్రహ ఛానెళ్లు లేని ఖాళీ చోటుకు ట్యూన్ చేసి, అరచేతిని ఎల్‌ఎన్‌బీ మూతికి అడ్డం పెట్టి చూడండి. నాయిస్ మట్టం పైకి లేచి, చెయ్యి తీయగానే దిగితే మీ రిసీవరు పనిచేస్తున్నట్టే: ఒంటి వేడి కూడా రేడియో తరంగాలుగా వెలువడుతుంది, చల్లని ఆకాశం నుంచి వచ్చేది దానికన్నా చాలా తక్కువ.

ప్రశ్న: చెయ్యి పెడితే మట్టం లేచింది. కానీ డిష్‌ను సూర్యుడి వైపు ఎంత తిప్పినా ఏమీ కనబడలేదు.

జవాబు: డిష్ ముఖాన్ని సూర్యుడికి ఎదురుగా పెట్టి ఉంటారు. ఇది ఆఫ్‌సెట్ డిష్. దాని చూపు ముఖం చూసే దిశకు ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటుంది. ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో గురిపెడితే డిష్ దాదాపు నిలువుగా నిలబడినట్టు కనబడుతుంది, అది సరైన స్థితే. ఎల్‌ఎన్‌బీ నీడ డిష్ మధ్యలో కాక కింది అంచు దగ్గర పడేలా సర్దండి. 12 గిగాహెర్ట్జ్ దగ్గర ఈ డిష్ చూపు వెడల్పు సుమారు 3 డిగ్రీలే కాబట్టి కొద్దిగా తప్పినా సూర్యుడు దొరకడు.

దొరికాక డిష్‌ను సూర్యుడి వెంట తిప్పకండి. సూర్యుడు వెళ్లే దారిలో కాస్త ముందుకు గురిపెట్టి, నట్లు బిగించి వదిలేయండి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక పది పన్నెండు నిమిషాల్లో మట్టం మెల్లగా లేచి, శిఖరం చేరి, అదే తీరున దిగుతుంది. ఆ మట్టం గీత గుండ్రని కొండలా వస్తే అది సూర్యుడే. పక్కింటి వైఫై అంత నిదానంగా లేచి దిగదు. ఒక జాగ్రత్త: మన అక్షాంశం నుంచి చూస్తే మార్చి మధ్యలోనూ అక్టోబరు మొదట్లోనూ సూర్యుడు టీవీ ఉపగ్రహాల వెనకగా సాగుతాడు. ఆ రోజుల్లో మీకు దొరికింది సూర్యుడో ఉపగ్రహమో తేల్చుకోవడం కష్టం.

మరొక సభ్యుడు: హైడ్రోజన్ గురించి కూడా అడిగారు కనుక ఒక మాట. దానికి 15 సెంటీమీటర్ల వ్యాసం గల గుండ్రని రేకు డబ్బా, లోపల సుమారు 5 సెంటీమీటర్ల రాగి తీగ, ముందు అల్యూమినియం రేకుతో గరాటు సరిపోతాయి. మూసిన వైపు నుంచి తీగ సుమారు 9.3 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. డబ్బా వ్యాసం 15.5 అయితే ఈ దూరం 8.8కి తగ్గుతుంది, అందువల్ల ఎవరో పెట్టిన కొలతలను యథాతథంగా దించుకోకుండా మీ డబ్బాను మీరే కొలుచుకోండి. తీగకు ఆనుకునే 1420 ఫిల్టరు గల ఎల్‌ఎన్‌ఏ (తన రొద పెద్దగా కలపకుండా సంకేతాన్ని పెంచే యాంప్లిఫయరు) పెట్టండి. మధ్యలో పొడవాటి కేబులు వేస్తే అసలే బలహీనమైన సంకేతం అక్కడే నీరుగారిపోతుంది.

ప్రశ్న: అప్పుడు సాఫ్ట్‌వేరు గీతలో 1420 దగ్గర కనబడే చిన్న గుట్ట హైడ్రోజనేనని, మా వీధిలోని ఏ ఛార్జరో కాదని ఎలా తెలుస్తుంది?

మరొక సభ్యుడు: యాంటెన్నాను కదపకుండా వరుసగా కొన్ని రాత్రులు నమోదు చేయండి. నక్షత్రాలు రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుగా వస్తాయి కాబట్టి గుట్ట కూడా అలాగే జరుగుతూ రావాలి. రోజూ గడియారం ప్రకారం అదే వేళకు వస్తే అది వీధిలోదే. 1930లలో బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ జాన్స్కీ తనకు వినిపించిన బుస 23 గంటల 56 నిమిషాలకొకసారి తిరిగి వస్తోందని గమనించే, అది సౌరకుటుంబం ఆవలి నుంచి వస్తోందని తేల్చాడు. ఆ తరువాత 1937లో ఇల్లినాయ్‌లోని వీటన్‌లో గ్రోట్ రీబర్ తన పెరట్లో సుమారు 9 మీటర్ల డిష్ కట్టాడు, ఆయన కూడా మనలాగే హ్యామే (అమెచ్యూర్ రేడియో వాడే). మీరు సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాల్లో హంస (సిగ్నస్) నక్షత్రమండలం నడినెత్తి దగ్గరికి వచ్చే వేళ యాంటెన్నాను నిటారుగా పైకి పెట్టి మొదలుపెట్టండి. ఆ దిశలో పాలపుంత దట్టంగా ఉంటుంది. వచ్చిన గీతను ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.