పిల్లలకి చేతిపని మీద ఇష్టం పుట్టాలంటే ఏం కొనివ్వాలి?

శ్రీకాకుళం మేనత్త: మా తమ్ముడి కూతురికి వచ్చే నెల తొమ్మిదేళ్లు నిండుతాయి. కిందటేడు పూసలు, జిగురు అన్నీ ఉన్న క్రాఫ్ట్ కిట్ ఇచ్చాను. డబ్బా మీద బొమ్మ ఎలా ఉందో అలాగే అతికించేసింది. అరగంటలో అయిపోయింది, మళ్లీ ముట్టుకోలేదు. ఈసారి సొంతంగా చేసుకునేది ఇద్దామని ఉంది.

విజయనగరం నాన్న: కిట్ వద్దండీ, సరుకు ఇవ్వండి. మా వాడికి కుమ్మరి దగ్గర పిసికిన మట్టి తెచ్చాను. వారమంతా ఏనుగులే. ఆరగానే తొండాలు ఊడిపోయేవి, ఒకటే ఏడుపు. అతికే చోట రెండువైపులా గీతలు గీసి, పల్చటి మట్టినీళ్లు రాయమని కుమ్మరాయన చూపించాడు. ఆ తొండం ఇప్పటికీ ఊడలేదు. కత్తెర కొంటే మాత్రం బాగా కత్తిరించేది కొనండి.

పొందూరు ఆడపడుచు: నేను మా మేనకోడలికి తకిలి, అంటే నూలు వడికే చేతి కదురు, కొన్ని ఏకులు, అంటే వడకడానికి దువ్వి చుట్టిన దూది, ఇచ్చాను. మా అమ్మ పక్కన కూర్చోబెట్టుకుంది. ఏకుని ఎండిన అరటి దొప్పలో పెట్టి పట్టుకోమంది, చేతి చెమట అంటకుండా. "లాగకే గుంటా, దానంతటదే వస్తాది" అంటూనే ఉంది. మొదటిరోజు జానెడు నూలు కూడా రాలేదు. ఇక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు వేలితో తడిమి చూశాక పిల్ల అక్కడినుంచి కదలలేదు.

బొబ్బిలి వాసి: మేం గొల్లపల్లిలో చిన్న వీణ కొన్నాం. ముచ్చటగా ఉంది, కానీ అద్దాల బీరువాలోకి వెళ్లిపోయింది. మా అబ్బాయికి నచ్చింది వేరే. ఒకే పనస దుంగని తొలిచి ఏకాండి వీణ చేస్తుంటే కళ్లప్పగించి చూశాడు. అడిగి రెండు పనస ముక్కలు తెచ్చుకున్నాం, గరుకు కాగితం కొనిచ్చాను. రోజూ సాయంత్రం ఒక ముక్కని పడవలా నున్నగా రుద్దుతున్నాడు. పసుపుపచ్చ పొట్టు ఇల్లంతా, ఫర్వాలేదు.

శ్రీకాకుళం మేనత్త: తకిలి నచ్చింది. మా ఇంట్లో వడకడం ఎవరికీ రాదే?

పొందూరు ఆడపడుచు: ఆదివారం పిల్లని తీసుకుని మా ఇంటికి రండి వదినగారూ. అమ్మ ఉంటుంది. ఏకులు కొనకండి, మేమే ఇస్తాం.