ఆఫీసు టైమింగ్స్ మనిష్టమే అంటారు, పిల్లలున్నవాళ్లకు అది ఎంతవరకు పనికొస్తోంది?

కొండాపూర్_అమ్మ:
మా ఆఫీసులో ఎప్పుడొచ్చినా ఎప్పుడెళ్లినా అడగరు, రోజుకు తొమ్మిది గంటలు పూర్తయితే చాలు. మా బాబు ఒకటో తరగతి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పన్నెండున్నరకే బడి వదిలేస్తారు. అందుకని పొద్దున ఏడున్నరకే లాగిన్ అయి, మధ్యాహ్నం వాణ్ణి తెచ్చుకుని, అన్నం తినిపించి మళ్లీ కూర్చుంటాను. రాత్రి ఎనిమిదిన్నరకు అమెరికా టీమ్‌తో కాల్. లెక్క వేస్తే తొమ్మిది గంటలే, కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా మనసు పని మీదే ఉంటుంది. వాడు ఏదైనా చెప్పబోతే 'ఆగు నాన్నా, కాల్‌లో ఉన్నా' అనడం అలవాటైపోయింది. అదే బాధగా ఉంది. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు? మేనేజర్‌ని ఏమని అడగాలి?

మియాపూర్_నాన్న:
ఆ కాల్ సంగతి ముందు తేల్చుకోండి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మీ ఎనిమిదిన్నర కాల్ తొమ్మిదిన్నరకు పోతుంది, మళ్లీ మార్చి దాకా అంతే. మా పాప పడుకునే టైమ్ సరిగ్గా అదే. మేం గట్టిగా మాట్లాడి వారంలో రెండు రోజులు న్యూయార్క్ టైమ్ పొద్దున ఎనిమిదికి పెట్టించాం. మనకు సాయంత్రం ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. అన్ని రోజులూ ఒప్పుకోలేదు, ఎందుకంటే అటువైపు కూడా ఆ టైమ్‌కి పిల్లల్ని బడిలో దింపేవాళ్లున్నారు. వాళ్ల ఇబ్బందీ న్యాయమైనదే.

బెజవాడ_ఆడిటర్:
జీతాలిచ్చేవాడిగా నా మాట కూడా వినండి. మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే క్లయింట్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 పదకొండో తేదీకి, పన్ను లెక్కతేల్చి కట్టే 3బీ ఇరవయ్యో తేదీకి వెళ్లాలి. ఆలస్యమైతే లేట్ ఫీజు పడేది క్లయింటుకి, మాట పడేది మేము. అందుకని పదకొండు నుంచి నాలుగు దాకా అందరూ సీట్లో ఉండాలి, దానికి ముందూ వెనకా ఎవరిష్టం వాళ్లది అని పెట్టాను. గడువుకు ముందు రెండు రోజులు మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. ఇది చేరేటప్పుడే చెప్తాను.

ఇంకో చిక్కుంది. పిల్లలున్నవాళ్లు త్వరగా వెళ్తే మిగిలిన పని ఎవరి మీద పడుతుంది? పెళ్లికాని కుర్రాళ్ల మీద. మా దగ్గర ఒకబ్బాయి వచ్చి, 'సార్, నాకు పిల్లలు లేరు గానీ అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి' అన్నాడు. అప్పటి నుంచి కారణం అడగకుండా అందరికీ ఒకే నియమం. ఎవరు త్వరగా వెళ్లినా ఆ రోజు తమ ఫైళ్లు ఎవరు చూస్తారో చెప్పి వెళ్లాలి.

ల్యాబ్_టెక్నీషియన్:
మాలాంటివాళ్లకు ఈ సౌకర్యమే లేదండి. జనం షుగర్ టెస్టుకు పరగడుపున ఆరున్నరకే వచ్చి కూర్చుంటారు, నేను తొమ్మిదికి వస్తానంటే కుదరదు. నాకు కావాల్సింది ఒక్కటే, రోస్టర్ రెండు వారాల ముందు చేతికివ్వడం. శనివారం రాత్రి వాట్సాప్‌లో షిఫ్ట్ మారిందని మెసేజ్ పెడితే పాపను ఎవరి దగ్గర దింపాలి? అత్తమ్మ ఊళ్లో ఉంటారు. ముందుగా తెలిస్తే తోటివాళ్లతో షిఫ్ట్ మార్చుకోవచ్చు.

హెచ్ఆర్_అక్క:
చట్టం ఎంతవరకు వస్తుందో కూడా తెలుసుకోండి. ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణతో సెలవు 26 వారాలైంది (మొదటి ఇద్దరు పిల్లలకు). 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. సెలవు తర్వాత ఇంటి నుంచి పని మాత్రం యజమాని, ఉద్యోగి ఇద్దరూ ఒప్పుకుంటేనే. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి చట్టప్రకారం సెలవే లేదు. తండ్రి సాయంత్రం ఇంట్లో ఉండే వీలు లేకపోతే, తల్లికి ఎన్ని వెసులుబాట్లిచ్చినా భారం ఆమె మీదే మిగులుతుంది. నాకు కోపం తెప్పించేది ఇదే.

లీసెస్టర్_తెలుగు:
ఇక్కడ ఇంగ్లండ్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే పని వేళల మార్పు అడగొచ్చు, ఏడాదిలో రెండుసార్లు. యజమాని రెండు నెలల్లోపు తేల్చాలి. అయినా కాదనడానికి చట్టమే ఎనిమిది కారణాలిచ్చింది. అదనపు ఖర్చు, ఉన్నవాళ్ల మధ్య పని సర్దలేకపోవడం లాంటివి. నేనడిగిన మార్పు బుధవారాలకు దొరికింది, శుక్రవారాలకు కాదన్నారు. కారణం రాసిచ్చారు కాబట్టి ఏం మార్చి మళ్లీ అడగాలో తెలిసింది.

కొండాపూర్_అమ్మ:
అందరికీ థాంక్స్. రెండు అడుగుదామనుకుంటున్నా: వారానికి రెండు కాల్స్ ఐదున్నరకు, ఏడు తర్వాత వచ్చిన మెసేజ్‌కి మర్నాడు జవాబు. నోటితో చెప్తే సరిపోతుందా?

బెజవాడ_ఆడిటర్:
మెయిల్ పెట్టండమ్మా. ఒంటిపూట బడులు అయ్యేదాకా అని తేదీ వేయండి, శాశ్వతంగా అంటే ఏ మేనేజరైనా వెనకాడతాడు. రాత్రి అర్జెంటు వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ పేరు కూడా రాయండి, వాళ్లని ముందే అడిగి. నా దగ్గరకు అలాంటి మెయిల్ వస్తే నేను మొదట చూసేది ఆ పేరే.