గ్రూప్ బై ఎర్రర్ పొద్దున వస్తుంది, మధ్యాహ్నం రాదు: మోడ్ తీసేయాలా, క్వెరీ మార్చాలా?

పాలబిల్లు
ఒక పాల సేకరణ కేంద్రానికి రాసిన చిన్న సాఫ్ట్‌వేర్ చూసుకుంటున్నాను. మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్, జావా, హికారీ పూల్ (తెరిచిన డేటాబేస్ కనెక్షన్లను ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునేది). పదిహేను రోజుల బిల్లు క్వెరీలో వరుసగా రైతు ఐడీ, పేరు, రేటు, మొత్తం లీటర్లు, మొత్తం డబ్బు తీస్తాం. పేరు రైతుల టేబుల్ నుంచి, మిగతావి సేకరణ టేబుల్ నుంచి. గ్రూప్ బై (వరుసల్ని కలిపి ఒక్కో రైతుకి ఒక్క లైన్ చేసేది) రైతు ఐడీ మీద. పొద్దున్నే 1055 ఎర్రర్ కొడుతుంది, మూడో కాలమ్, అంటే రేటు, గ్రూప్ బైలో లేదని. పదకొండు దాటాక అదే క్వెరీ, అదే డేటా, కిక్కురుమనకుండా నడుస్తుంది. సాయంత్రం మళ్లీ మొదలు. ఈ ఎర్రర్ కొట్టించే ఓన్లీ ఫుల్ గ్రూప్ బై మోడ్ తీసేయమని మా సీనియర్ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

పాతసర్వర్
తీసేయండి, అంతే. మైఎస్‌క్యూఎల్ 5.7.5కి ముందు ఆ మోడ్ డిఫాల్ట్‌గా ఉండేదే కాదు. దాన్నుంచే పుట్టిన మరియాడీబీలో ఇప్పటికీ డిఫాల్ట్ కాదు. అప్పట్లో బిల్లులు కొట్టలేదా మనం? రెండు వందల రిపోర్టులు తిరగరాస్తూ కూర్చుంటే నెలాఖరు గడిచిపోతుంది.

కాలమ్‌కాపలా
పాతసర్వర్ గారూ, కొట్టాం. తప్పులు కూడా కొట్టాం, తెలియలేదంతే.

ఎర్రర్‌ని ఒకసారి సరిగ్గా చదవండి. రెండో కాలమ్ పేరు కూడా గ్రూప్ బైలో లేదు కదా, దాన్నెందుకు వదిలేసింది? రైతుల టేబుల్‌లో రైతు ఐడీ ప్రైమరీ కీ (ఒక్కో రైతుకీ వేరు), రెండు టేబుళ్లని కలిపే జాయిన్ దాని మీదే. ఒక ఐడీకి ఒకటే పేరు ఉంటుందని మైఎస్‌క్యూఎల్‌కి తెలుసు, అందుకే ఊరుకుంది. రేటు అలా కాదు, వెన్న శాతాన్ని బట్టి పూటపూటకీ మారుతుంది. పొద్దున 4 లీటర్లు 38 రూపాయల చొప్పున, సాయంత్రం 6 లీటర్లు 43 చొప్పున పోశాడనుకోండి. రావాల్సింది 410. మోడ్ తీసేస్తే బిల్లు మీద రేటు 38 అని పడొచ్చు, 43 అని పడొచ్చు, అది సర్వర్ ఇష్టం. ఏ వరుస తీసుకుంటానో అది మాట ఇవ్వలేదు.

పాతసర్వర్
అయితే రేటుని కూడా గ్రూప్ బైలో పెట్టేస్తే పోయె.

కాలమ్‌కాపలా
అప్పుడు ఒక్కో రైతుకి ఎన్ని రేట్లుంటే అన్ని లైన్లు వస్తాయి. ఎర్రర్ పోతుంది, బిల్లు చిరుగుతుంది. ఇదీ ఒక జబ్బే, నేను ఎక్కువగా చూసేది ఇదే.

పూల్‌పిచ్చి
మీరిద్దరూ వాదించుకుంటున్నారు గానీ అసలు ప్రశ్న పక్కకు పోయింది. పొద్దున వచ్చి మధ్యాహ్నం ఎందుకు పోతోంది?

మోడ్ సెషన్‌కో రకంగా ఉండొచ్చు. పూల్‌లో ఒక్కో కనెక్షన్ ఒక్కో సెషన్. ఎవరైనా సెట్ గ్లోబల్ (సర్వర్ మొత్తానికీ మోడ్ మార్చే కమాండ్) కొట్టినా అది కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది, పాతవి పాత మోడ్‌తోనే ఉంటాయి. కానీ హికారీలో కనెక్షన్ ఆయుష్షు డిఫాల్ట్‌గా 30 నిమిషాలు, కాబట్టి ఆ తేడా కాసేపట్లో సర్దుకుంటుంది, రోజూ తిరిగి రాదు. నా అనుమానం వేరు: మీ కోడ్‌లోనే ఎక్కడో ఎవరో సెషన్ మోడ్‌ని ఖాళీ చేసి, అంటే గ్రూప్ బై తనిఖీ కూడా ఆపేసి, కనెక్షన్‌ని అలాగే పూల్‌కి తిరిగి ఇచ్చేస్తున్నారు. ఐసోలేషన్, ఆటోకమిట్ లాంటి సెట్టింగులని హికారీ వెనక్కి మారుస్తుంది, ఎస్‌క్యూఎల్ మోడ్ జోలికి పోదు. బిల్లు క్వెరీకి ముందు సెషన్ మోడ్, కనెక్షన్ ఐడీ లాగ్‌లో రాయించండి. పదకొండింటికి ఆఫీసులో కొత్తగా ఏం మొదలవుతుంది?

పాలబిల్లు
అకౌంట్స్ వాళ్లు వస్తారు. పాత లెడ్జర్ స్క్రీన్ తెరుస్తారు.

దొరికింది. ఆ స్క్రీన్ తెరవగానే మొదటి లైన్‌లోనే సెషన్ మోడ్‌ని ఖాళీ స్ట్రింగ్ చేస్తోంది. వాళ్లు ముట్టుకున్న కనెక్షన్ నా క్వెరీకి వస్తే నడుస్తుంది, వాళ్లు ఇంటికెళ్లాక ఆ కనెక్షన్లు చచ్చి కొత్తవి పుడితే ఎర్రర్. అంటే ఎర్రర్ వచ్చినప్పుడే సిస్టమ్ సరిగ్గా ఉంది!

పాతసర్వర్
సరే, కారణం ఒప్పుకుంటున్నా. కానీ ఇప్పుడు లెడ్జర్‌లో ఆ లైన్ తీసేస్తే అకౌంట్స్ వాళ్ల స్క్రీన్లన్నీ 1055తో నిండిపోతాయి. ఫోన్లు ఎవరికొస్తాయి? ముందు ఎనీ వాల్యూ ఫంక్షన్ చుట్టేసి గండం గట్టెక్కండి.

కాలమ్‌కాపలా
ఎనీ వాల్యూ అంటే "ఏదో ఒకటి చాలు" అని మనం సంతకం పెట్టినట్టు. ఊరి పేరుకైతే నేనూ పెడతా. రేటుకి పెట్టను. మాక్స్ (అన్నిటికన్నా పెద్ద రేటు) పెట్టినా అబద్ధమే. మామూలు సగటూ కుదరదు, పై లెక్కలో 40.50 వస్తుంది. మొత్తం డబ్బుని మొత్తం లీటర్లతో భాగించండి, 41 వస్తుంది, అది ఒక్కటే నిజమైన రేటు. లెడ్జర్‌కి వేరే పూల్ ఇచ్చి మోడ్ ఖాళీగానే ఉంచండి, నెమ్మదిగా ఒక్కో స్క్రీన్ సరిచేసుకోండి.

పాతసర్వర్
వేరే పూల్ సంగతి బాగుంది. ఎనీ వాల్యూ మీద మాత్రం నా మాట నాదే.

పాలబిల్లు
పూల్ విడదీశాను, బిల్లులో రేటుని భాగించి తీస్తున్నాను. డబ్బు కాలమ్ పూటపూటా లెక్కేసి కూడుతున్నాం కాబట్టి చెల్లింపులు తప్పలేదు, ఊపిరి పీల్చుకున్నా. కానీ ఇద్దరు ముగ్గురు రైతులు ఎప్పటినుంచో అడుగుతున్నారు, "రేటుని లీటర్లతో గుణిస్తే మీ డబ్బు రావట్లేదేంటి బాబూ" అని. పైసల రౌండింగ్ అని చెప్పి పంపించేవాళ్లం.