అగ్నిపర్వతం చిమ్మేది బూడిదేనా?

2025 నవంబరులో ఇథియోపియాలోని హేలీ గుబ్బి అగ్నిపర్వతం పేలింది. అది చిమ్మిన బూడిద మేఘం అరేబియా సముద్రం దాటి ఉత్తర భారతం దాకా వచ్చింది, కొన్ని విమానాలు రద్దయ్యాయి. ఆ వార్త మీద మన బృందంలో కడప సోదరి ఒకరు వేసిన ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు: "బూడిదకు విమానం ఇంజిన్ ఎందుకు భయపడాలి?" చాలా న్యాయమైన ప్రశ్న. చిక్కంతా మనం వాడే మాటలోనే ఉంది.

తెలుగులో బూడిద అంటే కాలగా మిగిలినది. కట్టె, పిడక, ఊక కాలితే వచ్చేది. అగ్నిపర్వతం చిమ్మేదానిలో కాలినది ఏదీ లేదు. భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం పైకి వచ్చేసరికి అందులో ఇమిడి ఉన్న వాయువులు ఒక్కసారిగా వ్యాకోచించి దాన్ని తునాతునకలు చేస్తాయి. ఆ తునకలు గాలిలోనే చల్లబడి గాజుగా మారతాయి. వాటిలో రాతిపొడి, ఖనిజాల పలుకులు కలుస్తాయి. ఇవి నీళ్లలో కరగవు గానీ ఇంజిన్ వేడికి కరిగి లోపలి భాగాలకు అంటుకుంటాయి. 1982లో ఇండోనేషియాలోని జావా దీవి దగ్గర ఇలాంటి మేఘంలో చిక్కుకున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో నాలుగు ఇంజిన్లూ ఆగిపోయింది ఇందువల్లే.

మన కర్నూలు వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, ఈ పదార్థం మందపాటి తెల్లని పొరగా కనిపిస్తుంది. సుమారు 74,000 ఏళ్ల క్రితం ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలికి కొట్టుకొచ్చింది. దూరం రెండున్నర వేల కిలోమీటర్లకు పైనే. ఆకాశం నుంచి రాలింది కొన్ని సెంటీమీటర్లే అయినా, చుట్టుపక్కల వాలుల నుంచి వాన నీటికి కొట్టుకొచ్చి పల్లంలో పేరుకుంది.

ఈ విషయం పంచుకున్న ప్రతిసారీ "ఊరంతా కాలి బూడిదైంది, అందుకే జ్వాలాపురం అన్నారు" అని ఎవరో ఒకరు రాస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. అక్కడ మంట లేదు. 74,000 ఏళ్ల నాటి సంఘటనను సంస్కృత పదంతో గుర్తుపెట్టుకునే వీలూ లేదు. పైగా ఆ పొరకు కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంటే అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారనడానికి ఆధారం దొరికింది. అంత గొప్ప విషయాన్ని "కాలి బూడిదైంది" అనే పలుకుబడి కప్పేస్తోంది.

బూడిదకు బదులు ఏమనాలి? ఆదోని మిత్రుడు "నివురు" అందామన్నారు. అందమైన మాటే, కానీ నివురు నిప్పు మీద పట్టే పలుచని పొర, దాని కింద నిప్పు ఉండాలి. నేను "రజను" అంటాను. ఇనుప రజను అని బడిలో చదువుకున్నాం. గట్టి వస్తువు నలిగి రాలిన పొడి అనే భావం అందులోనే ఉంది. అగ్నిపర్వత రజను అంటే ఎవరూ పొయ్యిని ఊహించుకోరు.

నంద్యాల నుంచి ఒక మాస్టారి జవాబు:
రజను బాగుంది. కానీ బూడిద జనం నోట స్థిరపడిపోయింది నాయనా. జ్వాలాపురంలో ఆ తెల్లపొడిని తోముడు పొడుల కోసం తవ్వేవారు. మన అమ్మలు గిన్నెలు తోమింది బూడిదతోనే. పని ఒకటైనప్పుడు పేరు ఒకటైతే తప్పేమిటి?

నా సమాధానం:
నమస్కారం మాస్టారూ. పని ఒకటే, చేసే తీరు వేరు. పొయ్యి బూడిదలో క్షారం ఉంటుంది, అది జిడ్డును విడదీస్తుంది. అందుకే బూడిద నీళ్లు చేతికి జారుడుగా తగులుతాయి. ఈ రజనుకు ఆ గుణం లేదు, గరుకుతనంతో గీకి వదిలిస్తుంది, అంతే. వాడుకను కాదనే హక్కు నాకు లేదు కాబట్టి శీర్షికలో బూడిద ఉండనివ్వండి. వార్త మొదటి వాక్యంలో మాత్రం "గాజు, రాతి రజనుతో నిండిన మేఘం" అని రాయమని మనకు తెలిసిన విలేకరులను అడుగుదాం. ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే కడప సోదరికి ఆ సందేహమే వచ్చేది కాదు.