ఆట ఆపేశాక ఈవెంట్ మేనేజ్‌మెంట్‌లోకి రావడం ఎలా?

ప్రశ్న
పన్నెండేళ్లు ప్రొఫెషనల్ వాలీబాల్ ఆడాను. మోకాలికి రెండో సర్జరీ అయ్యాక క్లబ్ కాంట్రాక్ట్ పొడిగించలేదు. కోచింగ్ మీద మొదటి నుంచీ మనసు లేదు. టోర్నమెంట్ నడిపే పనంటేనే ఇష్టం, మా మ్యాచ్ లేని రోజుల్లో నిర్వాహకుల వెనకే తిరిగేవాణ్ని. ఇప్పుడు 33 ఏళ్లు. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సు చెయ్యాలా, నేరుగా ఏదైనా ఈవెంట్ టీమ్‌లో చేరాలా? నాకు ఆట తప్ప ఏమీ రాదనే భయంతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు 1
ఆట తప్ప ఏమీ రాదన్న మాట ముందు మనసులోంచి తీసెయ్యండి. నేనూ ఆటగాణ్నే, ఎనిమిదేళ్లుగా ఈవెంట్ ఆపరేషన్స్‌లో ఉన్నాను. నా మొదటి టోర్నమెంట్‌లో షెడ్యూల్ వేసినవాళ్లు రెండు సెమీఫైనల్స్ మధ్య వార్మప్‌కి 15 నిమిషాలే వదిలారు. కాగితం చూడగానే అది చాలదని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే ఒళ్లు వేడెక్కకుండా కోర్టులోకి దిగితే ఎలా ఉంటుందో నేను పడ్డవాణ్ని. టీమ్ బస్సు ఆలస్యమైతే ప్లేయర్ ఎంత టెన్షన్ పడతాడో, మ్యాచ్ ఓడిపోయి డోపింగ్ కంట్రోల్ (నిషేధిత మందుల పరీక్ష) గదిలో గంటలు కూర్చోవడం ఎలా ఉంటుందో ఏ కోర్సులోనూ రాదు, అది మీ దగ్గర ఇప్పటికే ఉంది.

లేనివి బడ్జెట్, స్పాన్సర్ ఒప్పందాలు, ఇన్సూరెన్స్, ఇంకా జనం లోపలికి రావడానికీ బయటికి వెళ్లడానికీ వేసే ప్లాన్. ఇవి నేర్చుకోవచ్చు. నాకు నిజంగా కష్టమైంది వేరే. ఎప్పుడు లేవాలో, ఎక్కడికి రావాలో ఆటలో ఎవరో ఒకరు చెప్పేవారు, ఇక్కడ రెండొందల మంది వాలంటీర్లకి అది నేను చెప్పాలి. దానికి అలవాటు పడడానికి రెండేళ్లు పట్టింది.

జవాబు 2
కోర్సు వద్దనుకోకండి. ఫుట్‌బాల్ గోల్‌కీపర్ ఎడ్విన్ వాన్ డెర్ సార్ 2011లో రిటైరై, స్పోర్ట్ మేనేజ్‌మెంట్ చదివి, 2012లో నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ క్లబ్ అయాక్స్ మార్కెటింగ్ బాధ్యతల్లో చేరి, 2016లో క్లబ్ సీఈవో అయ్యాడు. అంత పేరున్నవాడే మధ్యలో నాలుగేళ్లు నేర్చుకున్నాడు. కనో స్లాలమ్‌లో (ఉరకలేసే నీటిలో చిన్న పడవ పందెం) 2000, 2004, 2012 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన టోనీ ఎస్టాంగే పారిస్ 2024 ఒలింపిక్స్ నిర్వాహక కమిటీకి అధ్యక్షుడయ్యాడు, కానీ ఆ స్థాయిని చూసి మీరు బెంగ పెట్టుకోవద్దు, మన దారి చిన్న టోర్నమెంట్లతోనే మొదలవుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నడిపే అథ్లెట్365 వెబ్‌సైట్‌లో క్రీడాకారులకు ఉచిత ఆన్‌లైన్ కోర్సులుంటాయి, ముందు అవి చూడండి.

జవాబు 3
ఈవెంట్ టీమ్‌లకి మనుషుల్ని తీసుకునే పని నాది. ఆటగాళ్లు రెజ్యూమేలో పతకాలు రాస్తారు, నాకు కావలసింది అది కాదు. మీరు కెప్టెన్‌గా ఉన్నారా, జట్టు ప్రయాణాలు చూశారా, ఆటగాళ్ల తరఫున క్లబ్‌తో మాట్లాడారా, అవి రాయండి. అయితే ఒక్క మాట, మ్యాచ్ మొదలయ్యాక మీరు ఆట చూడకూడదు, గేట్లు చూడాలి, అంబులెన్స్ దారి చూడాలి. ఫైనల్ ఆఖరి పాయింట్ అప్పుడు కోర్టుకి వీపు పెట్టి నిలబడగలరా? నా దగ్గర చేరిన మాజీ ఆటగాళ్లలో ఇద్దరు దీనివల్లే మానేశారు.

అడిగినవారు
అందరికీ థాంక్స్. ఆ ఆఖరి ప్రశ్నే నన్ను వదలడం లేదు. వచ్చే నెల ఒక జూనియర్ టోర్నమెంట్‌కి అక్రిడిటేషన్ డెస్క్‌లో (ప్రవేశ పాసులిచ్చే చోట) వాలంటీర్‌గా పేరిచ్చాను, కోర్టు కనపడని చోటే అడిగి మరీ తీసుకున్నాను.