2008 మాస్కో ఫైనల్లో పార్క్ జీ-సంగ్‌ను పక్కన పెట్టడం న్యాయమేనా?

తూర్పుగాలి:
2008 మే 21, మాస్కో. యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మొదలయ్యేసరికి మనకు అర్ధరాత్రి దాటింది. మాంచెస్టర్ యునైటెడ్ జట్టు తెర మీదికి రాగానే వాళ్ల కొరియా మిడ్‌ఫీల్డర్ పార్క్ పేరు కోసం వెతికాను. పదకొండు మందిలో లేదు. ఏడుగురు సబ్‌స్టిట్యూట్లలోనూ లేదు. క్వార్టర్ ఫైనల్లో రోమాతో రెండు మ్యాచ్‌లు, సెమీఫైనల్లో బార్సిలోనాతో రెండు. ఆ నాలుగింటిలోనూ ఆద్యంతం ఆడిన మనిషి అసలు రోజున సూటు వేసుకుని చూస్తూ కూర్చున్నాడు. ఇది అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను.

ఎడమ వింగ్:
తూర్పుగాలి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ చెల్సీతో ఆ రాత్రి ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కుడివైపు హార్‌గ్రీవ్స్‌ను ఆడించారు. ఆట 1-1తో నిలిచి పెనాల్టీలకు వెళ్తే అతను గోల్ కొట్టాడు. సబ్‌స్టిట్యూట్లుగా దిగిన గిగ్స్, నాని, ఆండర్సన్ కూడా తలా ఒకటి కొట్టారు. షూటౌట్‌లో 6-5తో కప్పు వచ్చింది. పార్క్ యునైటెడ్ తరఫున 205 మ్యాచ్‌లలో చేసినవి 27 గోల్స్. ఫైనల్‌కు జట్టును ఎంచేటప్పుడు కోచ్ చూడవలసింది గెలుపు. రుణం తీర్చుకోవడానికి అది వేదిక కాదు.

తూర్పుగాలి:
మీరు ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని సమర్థిస్తున్నారు. షూటౌట్‌లో పెనాల్టీ కొడుతూ చెల్సీ కెప్టెన్ జాన్ టెర్రీ కాలు జారకపోతే కప్పు చెల్సీదే. అప్పుడూ ఇదే మాట అనేవారా? బార్సిలోనాకు రెండు మ్యాచ్‌లలో కలిపి ఒక్క గోల్ కూడా దక్కలేదు. ఎదుటివాడిని నీడలా వెంటాడి, బంతి పోయిన మరుక్షణం వెనక్కి పరుగెత్తిన పార్క్ శ్రమ అందులో లేదా? అది గోల్స్ పట్టికలో కనిపించదు. అయినా తుది జట్టులో చోటు కోసం నేను పట్టుబట్టడం లేదు. ఆ సీజన్‌లో ఎక్కువ భాగం గాయంతో దూరమైన సిల్వెస్ట్ర్‌కు బెంచి మీద చోటు దొరికింది. పార్క్‌కు దొరకలేదు!

హాఫ్ టైమ్:
పార్క్ మోకాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. 2007లో శస్త్రచికిత్స జరిగి, నెలల తరబడి ఆటకు దూరమై, ఆ డిసెంబరులో తిరిగి వచ్చాడు. ఏప్రిల్‌లో ఆ నాలుగు మ్యాచ్‌లు ఆడింది ఆ మోకాలితోనే. తర్వాత కొరియాకు, ఇంగ్లండ్‌కు మధ్య ప్రయాణాలతో అది మరింత అరిగింది. 2011 ఆసియా కప్‌లో జపాన్‌తో నూరో అంతర్జాతీయ మ్యాచ్ ఆడి, ముప్ఫై నిండకుండానే జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పాడు. 2014లో ఆటే మానేశాడు. అలాంటి ఆటగాడికి ఫైనళ్లు ఎన్నో రావు.

యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్‌కూ ఇది తెలుసు. 2009లో రోమ్‌లో, 2011లో వెంబ్లీలో పార్క్‌ను మొదటి నుంచీ ఆడించాడు. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన తొలి ఆసియా ఆటగాడు అలా అయ్యాడు. రెండుసార్లూ బార్సిలోనాయే గెలిచింది. మాస్కో నిర్ణయం గురించి ఫెర్గూసనే తర్వాత విచారం వ్యక్తం చేశాడు.

2010 మార్చిలో మిలాన్‌ను 4-0తో ఓడించిన మ్యాచ్ ఎవరైనా చూశారా? మిలాన్ ఆటను నడిపించే పిర్లోను పార్క్ ఊపిరి తీసుకోనివ్వలేదు. అది చాలక తానూ ఒక గోల్ కొట్టాడు.

ఎడమ వింగ్:
ఆ మ్యాచ్ చూశాను. అందుకే బెంచి విషయంలో మీ ఇద్దరి మాట ఒప్పుకుంటున్నాను, అక్కడ అతని పేరు ఉండవలసింది. కుడివైపు మాత్రం, ఇప్పుడు అడిగినా, హార్‌గ్రీవ్స్‌నే పంపుతాను.