ప్రాచీన గ్రీకు నగరం స్పార్టా పేరును తీవ్రవాదులు పాడుచేశారా, అది ముందే అలాంటిదా?

చరిత్రపిచ్చి:
గ్రీస్‌లో గోల్డెన్ డాన్ అనే నయా నాజీ పార్టీవాళ్లు థర్మోపిలేలో, అంటే క్రీ.పూ. 480లో స్పార్టా రాజు లియోనిడాస్ 300 మంది స్పార్టన్లతో పర్షియా సైన్యాన్ని అడ్డుకుని చనిపోయిన చోట, అతని విగ్రహం దగ్గర కాగడాలు పట్టుకుని సభలు పెట్టేవాళ్లు. 2020 అక్టోబరులో ఏథెన్స్ కోర్టు ఆ పార్టీని నేరస్థుల ముఠాగా తేల్చింది. యూరప్‌లో వలసలు వద్దనే ఐడెంటిటేరియన్లు కూడా స్పార్టా డాలు మీదిదంటూ గ్రీకు లాంబ్డా (Λ) అక్షరాన్ని గుర్తుగా పెట్టుకున్నారు. ఇదంతా పచ్చి వక్రీకరణ అంటాను. పాపం, స్పార్టా ఏం చేసింది?

గోడమీదపిల్లి:
పాపం స్పార్టానా! స్పార్టా వాళ్ల పొలాలు దున్నిపెట్టే హెలట్లనే బానిసల మీద ఏటా లాంఛనంగా యుద్ధం ప్రకటించేవాళ్లట, చంపినా పాపం అంటకుండా ఉండాలని. అరిస్టాటిల్ చెప్పాడంటూ గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన మాటే ఇది. 1943 జనవరి 30న స్టాలిన్‌గ్రాడ్‌లో ఆకలితో చస్తున్న జర్మన్ సైనికులకి నాజీ నాయకుడు గోరింగ్ రేడియోలో థర్మోపిలే కథ చెప్పాడు, అంటే బతికుండగానే సంతాపసభ పెట్టేశాడన్నమాట. నాజీలకి స్పార్టా నచ్చడానికి కారణం స్పార్టాలోనే ఉంది.

చరిత్రపిచ్చి:
క్రూరత్వం సంగతి ఒప్పుకుంటాను. కానీ "తూర్పు నుంచి పడమరను కాపాడిన 300 మంది" అనే కథ ఉంది చూశారూ, అసలు అబద్ధం అక్కడుంది. థెస్పియా అనే మరో గ్రీకు నగరం నుంచి వచ్చిన 700 మంది కూడా చివరిదాకా నిలబడి చచ్చారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు, వాళ్ల పేరుతో ఒక్క టీషర్టయినా చూశారా? పైగా అదే స్పార్టా క్రీ.పూ. 412-411లో పర్షియాతో ఒప్పందాలు చేసుకుని, ఆసియాలోని గ్రీకు నగరాలు చక్రవర్తివేనని ఒప్పుకుని, ఆ డబ్బుతో ఓడలు నడిపి ఏథెన్స్‌ని ఓడించింది.

మధ్యేమార్గం:
అందరూ వాడుకున్నవాళ్లే కదండీ. జర్మనీ విప్లవకారిణి రోజా లక్సెంబర్గ్ వాళ్లు తమ సంఘానికి రోమ్ మీద తిరగబడ్డ బానిస స్పార్టకస్ పేరు పెట్టుకున్నారు, అమెరికా సెనేట్ పేరు రోమ్‌దే. ఆయుధాలు ఇచ్చెయ్యమన్న పర్షియా రాజుకి లియోనిడాస్ చెప్పాడనే "మోలోన్ లాబే", అంటే "వచ్చి తీసుకో", అక్కడ మామూలు తుపాకీ యజమానుల కార్ల మీద కూడా కనిపిస్తుంది. వాళ్లందరూ తీవ్రవాదులేనా?

చరిత్రపిచ్చి:
కాదు, నేను అలా అనలేదు. ఆ మాట మాత్రం హెరొడోటస్‌లో లేదు, యుద్ధం జరిగిన 500 ఏళ్లు దాటాక ప్లూటార్క్ పేరు మీదున్న సంకలనంలో కనిపిస్తుంది. ఇటలీ నియంత ముస్సోలినీ వాళ్లు చెయ్యి చాచి పెట్టిన "రోమన్ సెల్యూట్" కూడా అంతే, రోమన్ల రాతల్లో దానికి ఆధారం లేదు, 1784లో ఫ్రెంచి చిత్రకారుడు డావిడ్ వేసిన బొమ్మ నుంచి ప్రచారంలోకి వచ్చింది. పేరు పెట్టుకోవడం వేరు, లేని పురాతనాన్ని పుట్టించి ఇది మా రక్తం అనడం వేరు.

గోడమీదపిల్లి:
థెస్పియా వాళ్ల లెక్క నాకు తెలీదు, ఆ పాయింటు మీదే. కానీ హెలట్ల మాట మళ్లీ దాటేశారు. థర్మోపిలే శవాల్లో హెలట్లు కూడా ఉన్నారని మీ హెరొడోటస్సే రాశాడు. వాళ్లని ఎవరి లెక్కలో వేద్దాం?